పట్టా ఒక్కటే సరిహద్దు దాటదు: కొత్త ఇంజినీర్లకు విదేశీ కొలువుల దారులు

2018 మార్చిలో కువైట్‌లోని భారతీయ ఇంజినీర్లకు ఓ చిక్కు వచ్చిపడింది. ఇంజినీరు హోదాలో పనిచేస్తున్న విదేశీయులు అకామా రెన్యువల్ చేయించుకోవాలంటే ముందుగా కువైట్ ఇంజినీర్ల సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలని అక్కడి ప్రభుత్వం షరతు పెట్టింది. భారతీయ డిగ్రీల విషయంలో ఆ సంఘం చూసింది ఒక్కటే: చదివిన కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు ఉందా, లేదా? ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నవారు సైతం తమ కాలేజీ పేరు కోసం జాబితాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎన్‌బీఏ పుట్టిందే 1994లో. అంతకుముందు పట్టా పుచ్చుకున్నవారికి ఆ గుర్తింపు ఉండే అవకాశమే లేదు. చివరికి చాలామంది అకామాలో హోదా మార్పించుకుని, ఇంజినీరు అన్న మాట వదులుకుని ఉద్యోగం నిలబెట్టుకున్నారు.

తెలుగు రాష్ట్రాల్లో బీటెక్ పూర్తిచేసి విదేశాల వైపు చూసే యువతకు ఈ ఉదంతంలో తెలుసుకోవాల్సింది ఉంది. ఇంట్లో జరిగే చర్చంతా సాధారణంగా ఏ దేశం, ఎంత జీతం అన్నదాని చుట్టూ తిరుగుతుంది. నిజానికి తొలి ఉద్యోగం దొరుకుతుందా లేదా అన్నది వేరే ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. ఆ డిగ్రీని అక్కడ ఎవరు గుర్తిస్తారు? వీసా ఏ హోదా మీద వస్తుంది? అనుభవం లేనివారికి ఆ దేశ చట్టంలో చోటుందా? మోసం జరిగితే ఇక్కడి ప్రభుత్వం దగ్గర ఆ ప్రయాణానికి రికార్డు ఉంటుందా?

డిగ్రీకి ఎవరి ముద్ర కావాలి

మొదట పేర్ల గందరగోళం తీర్చుకోవాలి. కాలేజీ గేటు మీద పెద్ద అక్షరాలతో కనిపించే న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకు ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు, నిర్ణీత కాలానికి ఇచ్చేది. ఒకే కాలేజీలో మెకానికల్‌కు ఉండి సివిల్‌కు లేకపోవచ్చు. గతేడాది వరకు ఉండి ఈ ఏడాది గడువు తీరిపోవచ్చు. కాబట్టి ‘మా కాలేజీకి అక్రెడిటేషన్ ఉంది’ అన్న మాటతో విదేశీ అధికారి దగ్గర పని జరగదు. ఏ కోర్సు, ఏ సంవత్సరాల మధ్య అన్నది ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూసుకుని, ఆ పేజీని దాచుకోవడం మంచిది.

రెండో మెలిక వాషింగ్టన్ ఒప్పందం. ఇంజినీరింగ్ చదువులను దేశాలు పరస్పరం గుర్తించుకునేందుకు 1989లో కుదిరిన ఈ ఒప్పందంలో భారత్ తరఫున ఎన్‌బీఏ 2014 జూన్‌లో శాశ్వత సభ్యత్వం పొందింది. ఆ వార్త వచ్చినప్పుడు ఇక మన బీటెక్ ప్రపంచమంతా చెల్లుతుందన్న ప్రచారం జోరుగా సాగింది. అసలు సంగతి వేరు. ఎన్‌బీఏ గుర్తింపులో రెండు అంచెలున్నాయి. విశ్వవిద్యాలయాలు, స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు మొదటి అంచెలోకి వస్తాయి. జేఎన్‌టీయూల వంటి వర్సిటీలకు అనుబంధంగా నడిచే మామూలు కాలేజీలు రెండో అంచెలోకి వస్తాయి. వాషింగ్టన్ ఒప్పందం వర్తించేది మొదటి అంచెకే. తెలుగు రాష్ట్రాల్లో ఏటా బయటికొచ్చే ఇంజినీర్లలో అనుబంధ కాలేజీల వారు ఎంతమందో గుర్తు చేసుకుంటే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది.

అలాగని రెండో అంచె పట్టాకు విలువ లేదని కాదు. ఆస్ట్రేలియాలో నైపుణ్యాలను మదింపు చేసే ఇంజినీర్స్ ఆస్ట్రేలియా సంస్థ ఒప్పందం కిందికి వచ్చే పట్టాలను సులువైన దారిలో పరిశీలిస్తుంది. మిగిలినవారు తాము చేసిన ఇంజినీరింగ్ పనిని వివరిస్తూ విడిగా నివేదిక రాసి సమర్పించాలి. దారి మూసుకుపోదు, చుట్టు తిరుగుడు అవుతుంది. ఇక జర్మనీ వాషింగ్టన్ ఒప్పందంలోనే లేదు. అక్కడ ‘అనబిన్’ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో విశ్వవిద్యాలయానికి ‘హెచ్ ప్లస్’ హోదా ఉందో లేదో చూస్తారు. అనుబంధ కాలేజీలో చదివినవారు కాలేజీ పేరుతో వెతికి నిరాశపడుతుంటారు. వెతకాల్సింది పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు. 2008లో జేఎన్‌టీయూ హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది కనుక పట్టా మీద ఏ పేరుందో అదే పేరుతో చూడాలి.

కాగితాల దగ్గర తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. అది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా విడదీసి ఉంటుంది. డిగ్రీలో ఇంకోలా. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న ప్రయాణికులను విజిట్ వీసాల మీద అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించినప్పుడు ఎందరికో ఈ సమస్య తొలిసారి అర్థమైంది. ఇలాంటి తేడాలను దరఖాస్తు చేసే నాటికి కాదు, చివరి సెమిస్టర్ నాటికే సరిచేసుకోవాలి. వర్సిటీ రికార్డులో పేరు దిద్దించుకోవడం నెలల పని.

పట్టా చేతికి వచ్చాక దాన్ని ధ్రువీకరించుకోవడం మరో దశ. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో ఇక్కడ ఉద్యోగంలో చేరిపోవచ్చు గానీ, విదేశీ ధ్రువీకరణకు ఒరిజినల్ డిగ్రీ, మార్కుల మెమోలు, చాలా చోట్ల ట్రాన్స్‌క్రిప్టులు కావాలి. అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న ఒమన్, బహ్రెయిన్ వంటి దేశాలకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర సరిపోతుంది. సౌదీ అరేబియాకు 2022 డిసెంబరు నుంచి ఈ వెసులుబాటు వచ్చింది. యూఏఈ, ఖతార్, కువైట్‌లకు మాత్రం పాత పద్ధతే: రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆ తర్వాత సంబంధిత రాయబార కార్యాలయం ముద్ర. అపోస్టిల్ అయినా ఇదైనా విదేశాంగ శాఖ పని హైదరాబాద్‌లోని దాని శాఖా సచివాలయం ద్వారా కూడా జరుగుతుంది. ఒరిజినల్ పట్టాను ఎవరో ఏజెంటు చేతిలో వదిలేసి నెలల తరబడి ఫోన్లు చేయాల్సిన అవసరం లేదు.

గల్ఫ్: పట్టా ఇంజినీరుది, వీసా ఎవరిది?

ఆరేడు గంటల ప్రయాణం లేకుండానే చేరుకోగల దేశాలు కనుక గల్ఫ్ మీద ఆశ సహజం. అయితే పెద్ద కాంట్రాక్టు సంస్థలకు కావలసింది అనుభవం ఉన్న ఇంజినీర్లు. సౌదీలో ఇంజినీరు హోదా మీద పనిచేయాలంటే సౌదీ ఇంజినీర్ల మండలిలో నమోదు తప్పనిసరి. అయిదేళ్ల అనుభవం లేని విదేశీ ఇంజినీర్లను తీసుకోరాదన్న నిర్ణయం అక్కడ 2017లోనే వెలువడింది. 2025 జనవరి 14 నుంచి భారత్ నుంచి వెళ్లే వారి వృత్తి అర్హతల పత్రాలను వీసాకు ముందే సరిచూడటం మొదలుపెట్టారు. మరోవైపు, అయిదుగురు లేదా అంతకు మించి ఇంజినీర్లున్న ప్రైవేటు సంస్థల్లో 30 శాతం మంది సౌదీ జాతీయులే ఉండాలన్న నిబంధన 2025 జులై నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు అది 25 శాతం. నిన్న కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాడు పోటీ పడాల్సింది ఎవరితోనో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అక్కడి విశ్వవిద్యాలయాల నుంచి అప్పుడే బయటికొచ్చిన సౌదీ యువతతో.

అందుకే ఫ్రెషర్లకు వచ్చే ఆఫర్లలో ఎక్కువ భాగం ఇంజినీరు హోదాలో ఉండవు. టెక్నీషియన్, సైట్ సూపర్‌వైజర్, డ్రాఫ్ట్స్‌మన్, ఒక్కోసారి హెల్పర్ అని కూడా వీసాలో రాస్తారు. ‘పేరుకే అలా ఉంటుంది, పని మాత్రం ఇంజినీరు పనే’ అని ఏజెంటు నచ్చజెబుతాడు. పని ఇంజినీరు పనే కావచ్చు. కానీ వీసా మీద రాసిన హోదాతోనే జీతం, కుటుంబాన్ని తెచ్చుకునే హక్కు, రేపు మరో కంపెనీకి మారినప్పుడు చూపే అనుభవం ముడిపడి ఉంటాయి. హెల్పర్ వీసా మీద మూడేళ్లు గడిపినవారు నాలుగో ఏట ఇంజినీరుగా నమోదు కావడానికి వెళితే ఆ మూడేళ్లను అనుభవం కింద ఎవరూ లెక్కించరు. తెలిసి ఒప్పుకుంటే అది వారి లెక్క. తెలియకుండా ఒప్పుకునేవారే ఎక్కువ.

యూఏఈ కొంత భిన్నం. ఉద్యోగం వెతుక్కునేందుకు 2022 అక్టోబరు నుంచి అక్కడ ప్రత్యేక విజిట్ వీసా ఇస్తున్నారు. 60, 90, 120 రోజుల గడువుతో, ఎవరి స్పాన్సర్‌షిప్పూ లేకుండా వెళ్లవచ్చు. కొత్త పట్టభద్రులైతే ప్రపంచంలోని మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో చదివి ఉండాలి, లేదంటే నిర్ణీత నైపుణ్య స్థాయిల్లో ఉండాలి. ఈ అర్హత లేనివారు మామూలు టూరిస్టు వీసా మీద వెళ్లి ఇంటర్వ్యూలకు తిరుగుతుంటారు. ఇంటర్వ్యూకు వెళ్లడం వేరు, ఆ వీసా మీద పనిలో చేరడం వేరు. రెండోది చట్టవిరుద్ధం, జరిమానా ఉంటుంది, జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేసే వీలుండదు. నియామక ఖర్చులను ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని 2021 నాటి యూఏఈ కార్మిక చట్టం స్పష్టంగా చెబుతోంది. కాబట్టి దుబాయ్ ఉద్యోగానికి వీసా ఖర్చు కట్టమని అడిగేవారిని ముందుగా అడగాల్సింది ఆ చట్టం గురించే.

జర్మనీ: భాష అనే అసలు ఫీజు

ఐరోపా దేశాల్లో కొత్త ఇంజినీర్లకు ఇప్పుడు తలుపు కాస్త ఎక్కువగా తెరిచింది జర్మనీయే. భారతీయ నైపుణ్య ఉద్యోగులకు ఏటా ఇచ్చే వీసాల సంఖ్యను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో ఆ దేశం ప్రకటించింది. పెంచింది పరిమితిని. ఉద్యోగాలు దానంతటవి పెరగవు.

ఉద్యోగ ఆఫర్ చేతిలో ఉంటే దారి ఈయూ బ్లూ కార్డు. 2025లో దీనికి ఏడాదికి కనీసం 48,300 యూరోల జీతం ఉండాల్సి వచ్చేది. కొరత ఉన్న వృత్తులకు, పట్టా పొంది మూడేళ్లు దాటని కొత్తవారికి ఆ ఏడాది ఆ మెట్టు 43,759 యూరోల వద్ద ఉండేది. ఈ అంకె ఏటా మారుతుంది. ఫ్రెషర్ల కోసం ప్రత్యేకంగా తగ్గించిన మెట్టు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

ఆఫర్ లేనివారికి 2024 జూన్ 1 నుంచి ‘చాన్సెన్‌కార్టె’, అంటే అవకాశ కార్డు వచ్చింది. ఏడాది పాటు జర్మనీలో ఉండి ఉద్యోగం వెతుక్కోవచ్చు. వారానికి 20 గంటల వరకు పార్ట్‌టైమ్ పని, ఒక్కో సంస్థలో రెండు వారాల వరకు ప్రయోగాత్మక పని చేయవచ్చు. పట్టాకు జర్మనీలో పూర్తి సమానత్వం దక్కితే పాయింట్ల బెడద ఉండదు. దక్కకపోతే కనీసం ఆరు పాయింట్లు రావాలి. అనుభవం లేని 22 ఏళ్ల ఇంజినీరు లెక్క ఇలా వేసుకోవచ్చు: 35 ఏళ్ల లోపు వయసుకు 2, సీ1 స్థాయి ఇంగ్లిష్‌కు 1, చదివిన శాఖ కొరత వృత్తుల్లో ఉంటే 1. మొత్తం 4. మిగిలిన రెండూ బీ1 స్థాయి జర్మన్ నుంచి రావాలి. అంటే అనుభవం లేని లోటును భాషతోనే పూడ్చుకోవాలి. హైదరాబాద్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ బీ1 వరకు శ్రద్ధగా నేర్చుకోవడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది పట్టడం మామూలే.

దీనికి తోడు ఏడాది ఖర్చులకు డబ్బు చూపాలి. 2025 లెక్కన నెలకు సుమారు 1,100 యూరోలు, అంటే ఏడాదికి 12 లక్షల రూపాయల పైమాటే. ఇది ఫీజు కాదు, బ్లాక్డ్ ఖాతాలో ఉండి నెలనెలా సొంతదారుకే చేరే సొమ్ము. అయినా ముందు సమకూర్చుకోవాల్సిందే. సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ వారికి అలా కుదరదు. విడిభాగాలు తయారుచేసే మధ్యతరహా సంస్థల్లో, సైటు మీద, ఫ్యాక్టరీ అంతస్తులో మాట్లాడేది జర్మనే. బీ1 వీసా తెప్పిస్తుంది, ఉద్యోగం తెప్పించేది చాలాసార్లు బీ2.

అమెరికా: ఉద్యోగం కాదు, చదువు అనే ద్వారం

తెలుగు ఇళ్లలో విదేశీ ఉద్యోగం అంటే ఇప్పటికీ ఎంఎస్సే. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలోని భారతీయ విద్యార్థుల సంఖ్య 3,63,019. వారిలో ఎక్కువ మంది పీజీ చదువుల్లో, ఆ తర్వాతి ఓపీటీలో ఉన్నవారే. బీటెక్ ముగించుకుని నేరుగా అమెరికాలో కొలువు దొరకడం చాలా అరుదు. కాబట్టి ఇక్కడ లెక్క వేరు: ముందు అప్పు, తర్వాత చదువు, ఆ తర్వాతే ఉద్యోగం.

చదువయ్యాక ఏడాది ఓపీటీ, సైన్స్, ఇంజినీరింగ్ కోర్సుల వారికి మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడిపే రోజులు 90 దాటకూడదు, పొడిగింపుతో కలిపి 150. ఈ గడియారం టిక్కుమంటున్నప్పుడే కన్సల్టెన్సీలు రంగంలోకి దిగుతాయి. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చేర్చడం, పే స్లిప్పు మీద మాత్రమే ఉద్యోగం చూపడం వంటివన్నీ ఆ దశలోనివే. ఆ అబద్ధం తర్వాతి వీసా దరఖాస్తు దాకా వెంటాడుతుంది.

హెచ్-1బీ కోటా ఏడాదికి 85 వేలు. అందులో 20 వేలు అమెరికాలో పీజీ చేసినవారికి. 2024 నుంచి ఒకరి తరఫున ఎన్ని సంస్థలు రిజిస్టర్ చేసినా లాటరీలో ఒక్క అవకాశంగానే లెక్కిస్తున్నారు. 2026 ఆర్థిక సంవత్సరానికి అర్హత పొందిన రిజిస్ట్రేషన్లు సుమారు 3.44 లక్షలు, ఎంపికైనవి 1.2 లక్షలు. 2025 సెప్టెంబరులో రెండు మార్పులు వెంటవెంటనే వచ్చాయి. దేశం వెలుపల ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లించాలన్న అధ్యక్ష ప్రకటన మొదటిది. విద్యార్థి వీసా మీద అమెరికాలోనే ఉండి హోదా మార్చుకునేవారికి ఇది వర్తించదని అక్టోబరులో అధికారులు స్పష్టత ఇచ్చారు. ఎక్కువ జీత స్థాయికి ఎక్కువ అవకాశం ఇచ్చేలా లాటరీని మార్చాలన్న ప్రతిపాదన రెండోది. కొత్తగా చేరేవారు సహజంగానే అట్టడుగు జీత స్థాయిలో ఉంటారు. అందుకే ఫ్రెషర్ల మీద ఎక్కువ ప్రభావం చూపేది ఈ రెండోదే.

విశ్వవిద్యాలయం పేరు విని చేరిపోయే అలవాటు ఎంత ప్రమాదమో రెండు ఉదంతాలు చూపాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీపై దాడులు జరిగాయి. అక్కడి విద్యార్థుల్లో తెలుగువారే పెద్ద సంఖ్యలో ఉన్నారు. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించిన ఫోటోలు ఇక్కడ పెద్ద కలకలం రేపాయి. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. అది మిషిగన్‌లో అమెరికా అధికారులే ఎర వేయడానికి నడిపిన నకిలీ సంస్థ. తరగతులు లేకుండా పని అనుమతి సంపాదించాలనుకున్న సుమారు 600 మంది, అత్యధికులు భారతీయులు, అందులో చిక్కారు. తొలి రోజు నుంచే పని చేసుకోవచ్చని చెప్పే ప్రతి కోర్సునూ అనుమానంతో చూడాల్సిందే.

మిగిలిన దేశాలు క్లుప్తంగా

బ్రిటన్‌లో నైపుణ్య ఉద్యోగ వీసాకు సాధారణ జీత పరిమితి 2025 జులైలో 41,700 పౌండ్లకు పెరిగింది. అక్కడ చదివినవారికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి నుంచి రెండేళ్లకు బదులు 18 నెలలకే పరిమితమవుతుంది. అయితే 18 నుంచి 30 ఏళ్ల భారతీయ పట్టభద్రుల కోసం ‘యంగ్ ప్రొఫెషనల్స్’ పథకం ఉంది. ఏడాదికి 3 వేల వీసాలు, బ్యాలెట్ ద్వారా ఎంపిక, ఉద్యోగ ఆఫర్ అవసరం లేదు. దీన్ని వాడుకుంటున్న తెలుగువారు తక్కువ. ఆస్ట్రేలియా ఇలాంటిదే ‘మేట్స్’ పేరుతో 2024 డిసెంబరులో మొదలుపెట్టింది. ఇందులోనూ ఏడాదికి 3 వేల మందికే చోటు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉన్న సంస్థల్లో ఇటీవల చదివినవారికే అర్హత.

కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కనీసం ఏడాది నైపుణ్య అనుభవం లేనిదే అడుగు పడదు. సింగపూర్‌లో ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు కనీస జీతం 2025 నుంచి నెలకు 5,600 సింగపూర్ డాలర్లు. దాంతోపాటు పాయింట్ల పరీక్ష కూడా దాటాలి. జపాన్ కథ కొంత ఆశాజనకం. ఇంజినీరు వీసాకు డిగ్రీ ఉంటే చాలు, అనుభవం తప్పనిసరి కాదు. అయిదేళ్లలో 50 వేల మంది భారతీయ నిపుణులను తీసుకోవాలని 2025 ఆగస్టులో రెండు దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. జపాన్ సహకారంతో నిర్మాణమైన ఐఐటీ హైదరాబాద్‌తో అక్కడి కంపెనీలకు ముందునుంచీ సంబంధాలున్నాయి. మామూలు కాలేజీల వారికి మళ్లీ భాషే కీలకం.

వీటన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కనిపిస్తుంది. చాలా దేశాల తలుపులు సున్నా అనుభవానికి మూసి, ఒకటి నుంచి మూడేళ్ల అనుభవానికి తెరుచుకుంటున్నాయి. సొంత శాఖలోనే ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేసి, ఆ మధ్యలో భాష నేర్చుకోవడం చాలామందికి అప్పు చేసి వెంటనే వెళ్లడం కంటే మెరుగైన దారి. హైదరాబాద్‌లో విస్తరిస్తున్న బహుళజాతి సంస్థల గ్లోబల్ కేంద్రాల్లో చేరితే సంస్థ లోపలి బదిలీకి వీలుంటుంది. అమెరికా ఎల్-1 వీసాకు ఆ సంస్థలో ఏడాది పని చేసి ఉండటం ప్రాథమిక అర్హత. పెళ్లి సంబంధాల మార్కెట్‌లో ఈ మూడేళ్లు ఆలస్యంగా కనిపించవచ్చు గానీ, వీసా అధికారి దగ్గర అవే బలం.

చదువుకున్నవారికే రక్షణ తక్కువ

భారత ప్రభుత్వ వలస రక్షణ వ్యవస్థ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం మీద నడుస్తోంది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. వారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. కాంట్రాక్టును పరిశీలిస్తారు, కంపెనీ వివరాలు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదవుతాయి, ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. పదో తరగతి దాటినవారు ఈసీఎన్‌ఆర్. వారికి ఈ వడపోత ఏదీ లేదు. చదువుకున్నవారు తమను తాము కాపాడుకోగలరన్నది చట్టం ఊహ.

ఫలితం విచిత్రంగా ఉంటుంది. నిజామాబాద్ నుంచి భవన నిర్మాణ కూలీగా వెళ్లిన వ్యక్తి కాంట్రాక్టు ప్రభుత్వ పోర్టల్‌లో ఉంటుంది. అదే విమానంలో వెళ్లిన ఇంజినీరు ఎవరి దగ్గర పనికి వెళ్లాడో ప్రభుత్వానికి తెలియదు. దీన్ని సరిచేయాలని విదేశాంగ శాఖ 2018 నవంబరులో ప్రయత్నించింది. ఆ 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లే ఈసీఎన్‌ఆర్ వారు కూడా 2019 జనవరి నుంచి నమోదు చేసుకోవాలని ఆదేశించింది. అభ్యంతరాలు రావడంతో నెల తిరక్కుండానే దాన్ని నిలిపేసి, నమోదును ఐచ్ఛికంగా వదిలేసింది.

ఈ ఖాళీలోంచే కొత్త తరహా మోసం దూరింది. థాయ్‌లాండ్‌లో డిజిటల్ సేల్స్, మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగాల పేరుతో సాంకేతిక నైపుణ్యమున్న యువతను పిలిపించి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ నేరాల స్థావరాలకు తరలిస్తున్నారని విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ కాంబోడియాకు యువకులను పంపిన ముఠాను పట్టుకున్నారు. 2025 మార్చిలో మయన్మార్ స్థావరాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను వైమానిక దళ విమానాల్లో రెండు విడతలుగా వెనక్కి తెచ్చారు. ఆ ముఠాలకు కావలసింది ఇంగ్లిష్ వచ్చి, కంప్యూటర్ తెలిసి, ఉద్యోగం లేని పట్టభద్రులు. కాంబోడియా, మయన్మార్ అనుమతి అవసరమైన 18 దేశాల జాబితాలో లేనే లేవు.

ఏజెంటు నమోదు నిబంధన మాత్రం చదువుతో సంబంధం లేకుండా అందరికీ వర్తిస్తుంది. విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపే ఎవరికైనా విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెన్సీ పేరు, లైసెన్సు నంబరు, అది చెల్లుబాటులో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. మొత్తం 35,400. లక్షలు అడిగేవారు ఏ సాకు చెప్పినా అది చట్టం దాటిన వసూలే. ఉల్లంఘనకు రెండేళ్ల వరకు జైలు ఉన్నా, జరిమానా 1983 నాటి 2 వేల రూపాయల దగ్గరే ఆగిపోయింది. పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చేందుకు 2025 అక్టోబరులో విదేశాంగ శాఖ ఒక ముసాయిదాను ప్రజాభిప్రాయానికి పెట్టింది.

ప్రైవేటు ఏజెంట్లకు బదులుగా ప్రభుత్వ సంస్థలూ ఉన్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ నియామకాలు చేపడుతున్నాయి. వాటిలో నర్సులు, టెక్నీషియన్ల అవకాశాలే ఎక్కువగా కనిపిస్తాయి, ఇంజినీర్లవి అప్పుడప్పుడూ వస్తుంటాయి. ఆఫర్ లెటర్ వచ్చాక కంపెనీ నిజంగా ఉందా అని ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయానికి ఈమెయిల్ రాసి అడగవచ్చు. అక్కడికి వెళ్లాక సమస్య వస్తే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఇక ఈసీఎన్‌ఆర్ పాస్‌పోర్టు ఉన్నవారి ఐచ్ఛిక నమోదు ఈ-మైగ్రేట్‌లో ఇంకా అందుబాటులోనే ఉంది. విమానం ఎక్కేముందు కంపెనీ పేరు, చిరునామా, వీసా వివరాలు అందులో నింపితే సరిపోతుంది. దానికి రుసుము లేదు.